ఊర్ తవ్వకాల పట్టిక: పేరులో దాగిన వ్యాఖ్యానం

పురావస్తు పట్టికను మనం ఆకరంగా వాడుకొంటామే గాని రచనగా చదవం. సంఖ్య, కొలత, పదార్థం, దొరికిన చోటు అన్నవాటిలో రచయిత గొంతు ఉండదన్న నమ్మకమే అందుకు కారణం. దక్షిణ ఇరాక్‌లోని ఊర్ నగరంలో 1922 నుండి 1934 వరకు లియొనార్డ్ ఊలీ జరిపిన తవ్వకాల పట్టిక ఈ నమ్మకాన్ని నిలవనీయదు.

బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి నడిపిన ఈ తవ్వకాల్లో నమోదైన వస్తువులకు 'యు' అక్షరంతో క్షేత్రసంఖ్యలు, శ్మశానంలోని సమాధులకు 'పి.జి.' సంఖ్యలు వేశారు. తరువాత వస్తువులు బాగ్దాద్, లండన్, ఫిలడెల్ఫియాల మధ్య పంపకమయ్యాయి; ప్రతి మ్యూజియమూ తన సంఖ్యను తాను చేర్చుకొంది. ఒకే సమాధి వస్తువులను నేడు మళ్లీ కలిపి చదవగలుగుతున్నామంటే ఆ క్షేత్రసంఖ్య చలవే. ఈ విషయంలో ఊలీ క్రమశిక్షణను తక్కువ చేయలేము.

చిక్కంతా పేరుతో వచ్చింది. 74 మంది అస్థిపంజరాలు బయటపడిన పి.జి. 1237లో దొరికిన జంట ప్రతిమలనే చూడండి. బంగారం, వెండి, లాపిస్ లాజులి, ఆల్చిప్పలతో చేసిన ఆ జంతువు పూలచెట్టును ఆనుకొని వెనుకకాళ్లపై నిలబడి ఉంటుంది. అది మేక. ఊలీ మాత్రం అబ్రహాము బలి కథను తలచుకొని 'పొదలో చిక్కిన పొట్టేలు' అన్నాడు. చిగుళ్ల కోసం కొమ్మకు కాళ్లెత్తే మేకను చూసినవారెవరూ అది చిక్కుకొన్నదనరు. కానీ ఊర్ అబ్రహాము జన్మస్థలమన్న భావన నాటి ఆంగ్ల పాఠకులకు ప్రియమైనది. ఆ ప్రీతే పేరుగా స్థిరపడింది.

పి.జి. 779లోని 'ఊర్ ధ్వజం' కథా ఇటువంటిదే. పొదుగుపని గల ఆ పెట్టె ఒక మనిషి భుజం దగ్గర దొరకడంతో, దానిని కర్రకు తగిలించి మోసేవారని ఊలీ ఊహించాడు. వాద్యపు పెట్టె కావచ్చునని తరువాతివారు అన్నారు. ప్రయోజనం నేటికీ తేలలేదు, పేరు మాత్రం మారలేదు. దీనికి భిన్నంగా, పి.జి. 800లోని రాణిముద్రపై సుమేరియన్‌లో 'షుబ్-అద్' అని చదివిన పేరు, అక్కాదియన్ పఠనంతో 'పూ-అబి' అయింది. అక్షరం ఉన్నచోట సవరణకు దారి దొరికింది. మూగవస్తువులకు ఆ అదృష్టం లేదు.

ఈ రెండు మ్యూజియంలు రూపొందించిన 'ఊర్ ఆన్‌లైన్' విడిపోయిన వస్తువులను, క్షేత్రపత్రాలను ఒకచోటికి తెచ్చింది. మేలైన పనే. అయితే వెతికేవాడు తెలిసిన పేరుతోనే వెతుకుతాడు. పాత పేరును చెరిపివేస్తే దశాబ్దాల పరిశోధనతో లంకె తెగుతుంది. దాన్ని వస్తులక్షణంగా ఉంచితే ఊహ వాస్తవమవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో పెట్టారో చెప్పే గడి ఒకటి ప్రతి పేరు పక్కనా ఉండాలి.

భారతీయ పరిశోధకులకు ఇది పరాయి తగవు కాదు. ఊర్ సమాధుల్లోని కార్నీలియన్ ఎర్రరాతి పూసల్లో సింధు నాగరికత పనితనం కలవి ఉన్నాయి. అనేక పూసలకు కలిపి ఒకే సంఖ్య వేసి 'హారం' అని రాసినచోట, వాటిలో సింధు పూస ఏదో తెలుసుకోవాలంటే పట్టిక వదిలి పూసల దగ్గరికే వెళ్లాలి.