విటమినుల పట్టికలో లేని వరుస

ఉన్నత పాఠశాలలలో బోధించు విటమినుల పట్టికలో సాధారణముగా మూడు నిలువు వరుసలుండును: విటమిను పేరు, లభించు ఆహారము, లోపించిన కలుగు వ్యాధి. దానిని వల్లించిన విద్యార్థి, లోపము కీడు గనుక ఆధిక్యము మేలే యని తానే నిర్ణయించుకొనును. ఆ నిర్ణయము పెద్దయిన పిదప మందుల అంగడి దాక వెంట వచ్చును. దీర్ఘవ్యాధి గలవారి విషయమున ఇదెంత పొరపాటో చూపుటకు ఫోలిక్ ఆమ్ల మొక్కటి చాలును.

భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వమున లెడర్లీ పరిశోధనశాల వారు 1945లో ఈ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. రక్తహీనతపై అది అద్భుతముగా పనిచేసినది. కాని కొద్ది యేండ్లలోనే చిక్కు బయటపడెను. బి12 లోపించినవారికి దీని నిచ్చినప్పుడు రక్తము బాగుపడినది. నరముల క్షీణత మాత్రము ఆగలేదు. రక్తకణముల తయారీలో బి12 కొరతను ఫోలిక్ ఆమ్లము కొంత తీర్చగలదు. నరముల పైపొరను కాపాడు పని దానికి చేతకాదు. వైద్యుని హెచ్చరింపవలసిన రక్తహీనతయే ఇట్లు మరుగుపడును.

మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్‌ను ఏండ్ల తరబడి పుచ్చుకొన్నచో ప్రేగులు బి12ను గ్రహించుట తగ్గవచ్చును. కర్నూలు, కడప జిల్లాల ఇండ్లలోని రాగిసంగటి, జొన్నరొట్టె, శనక్కాయల ఊరిబిండి మంచి ఆహారమే. శనక్కాయలలో ఫోలేటు దండిగా నున్నది. కాని వీనిలో బి12 లేదు. అది పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసముల నుండి రావలెను. సంగటిలోకి కొంచెము మజ్జిగ తప్ప మరేమియు లేని మధుమేహ రోగి దినమున కొక ‘బలము మాత్ర’ మ్రింగుచుండగా అరికాళ్లు తిమ్మిరెక్కినచో, నేరము చక్కెర మీదికే పోవును. రక్తములో బి12 పరీక్షించినగాని నిజము తేలదు. ఆలస్యమైనచో దెబ్బతిన్న నరము కోలుకొనకపోవచ్చును. మెట్‌ఫార్మిన్‌ను తనంతట తాను మానుట దీనికి మందు కాదు.

పెద్దలకు మాత్రల ఫోలిక్ ఆమ్లము దినమునకు 1 మిల్లీగ్రాము మించరాదని అమెరికా వైద్య సంస్థ 1998లో నిర్ణయించినది. మన అంగళ్లలో సామాన్యముగా దొరకు మాత్ర 5 మిల్లీగ్రాములది! అది వైద్యుడు చికిత్సకై వ్రాయునది. ఆహారములోని ఫోలేటు ఈ లెక్కలోనికి రాదు గనుక ఊరిబిండి మానవలసిన పని లేదు. బి12కు అట్టి పరిమితియే యేర్పరుపబడలేదు.

డి విటమిను సంగతి వేరు. వారమునకు 60,000 యూనిట్లన్న, దినమునకు 8,500 పైచిలుకు. పెద్దలకు సామాన్య పరిమితి 4,000. వైద్యుని చీటిపై కొన్ని వారముల చికిత్సగా అది తగినదే. చీటి పాతబడినను మాత్ర మానని వారికి రక్తమున కాల్షియము పెరుగవచ్చును; మూత్రపిండముల జబ్బు ముందే యున్నవారికి ఆ ముప్పు మరింత ఎక్కువ. పట్టికలో డి విటమిను కెదురుగా రికెట్సు అని మాత్రమే యుండును.