వేలు బయటే ఉండాలి

ఎయిర్ పిస్టల్ పోటీని మొదటిసారి చూసేవాళ్లకు అక్కడేమీ జరుగుతున్నట్టు అనిపించదు. షూటర్ పక్కకు తిరిగి నిలబడతారు. ఒక చెయ్యి జేబులో ఉంటుంది. పిస్టల్ పట్టిన చెయ్యి మెల్లగా లేస్తుంది, కాసేపు నిలుస్తుంది, పేల్చకుండానే కిందికి దిగిపోతుంది. లోతు తెలిసినవాళ్లు ముచ్చటపడేది ఆ దిగిపోవడం చూసే. గురి కుదరలేదని తెలిశాక కూడా ‘పోనీలే, నొక్కేద్దాం’ అని వేలు తొందరపెడుతుంది. దాని మాట వినకుండా చెయ్యి దించడం ఈ విద్యలో అన్నిటికన్నా కష్టం.

టార్గెట్ ఉండేది పది మీటర్ల దూరంలో. నడుమ ఉన్న పదో వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, సీసపు పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. ఏ ఆసరా లేకుండా, ఒంటిచేత్తో, గంటా పదిహేను నిమిషాల్లో 60 సార్లు ఆ వలయాన్ని కొట్టాలి. కొత్తవాళ్లు టార్గెట్‌ను చూస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు పిస్టల్ ముందుభాగంలోని సైట్‌ను చూస్తారు. అది స్పష్టంగా కనబడుతూ, నల్లటి వలయం మసకగా ఉండాలి. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూస్తే పిస్టల్ టార్గెట్‌కు పక్కగా ఉందనుకోండి, మణికట్టు తిప్పి సరిచేయకూడదు, పాదాలు జరుపుకోవాలి. చెయ్యి వణకడం ఎవరికీ పూర్తిగా ఆగదు. ఆ వణుకు చిన్నదయ్యేదాకా ఓపిక పట్టి, లాగడానికి పట్టే బరువు 500 గ్రాములకు తగ్గకూడదని నియమమున్న ఆ ట్రిగ్గర్‌ను, ఎప్పుడు పేలిందో తనకే తెలియనంత మెత్తగా వెనక్కి లాగాలి. పేలాక కూడా ఒకటి రెండు క్షణాలు అలాగే నిలవాలి.

నేను పిస్టల్ పక్షం. రైఫిల్‌వాళ్లకు బిగువైన దళసరి జాకెట్టుంటుంది, రెండు చేతులుంటాయి. అయినా వాళ్ల పదో గుర్తు అర మిల్లీమీటరు చుక్క. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 595 కొట్టి, స్కోరు సమమై కూడా, చివరి సిరీస్ స్కోర్లు పోల్చే కౌంట్‌బ్యాక్‌లో ఫైనల్ పోగొట్టుకున్నాడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 600కు 600 కొట్టాడు. అరవై సార్లు, ఒక్కటీ తప్పకుండా! 2012లో లండన్ కాంస్యం సరే, నన్నడిగితే ఆ 600 ముందు అది కూడా చిన్నదే.

ఇక ఈషా సింగ్. 2018లో, పదమూడేళ్ల వయసులో, సీనియర్ల జాతీయ పోటీలో మను భాకర్‌ను, హీనా సిద్ధూను దాటి ఎయిర్ పిస్టల్ విజేత అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు. 2025లో నింగ్బో వరల్డ్ కప్‌లో 0.1 తేడాతో స్వర్ణం. 25 మీటర్ల పిస్టల్ రెండో దశలో ఆమెను చూడాలి. చెయ్యి కిందికి వాలి ఉంటుంది, టార్గెట్ మూడు సెకన్లే తెరుచుకుంటుంది, ఆలోపే లేవాలి, నిలవాలి, కాల్చాలి. ఆమె చెయ్యి లేచే తీరులో ఎక్కడా కుదుపుండదు.

చరిత్ర రెండు మాటల్లో చెబుతాను. 1896 తొలి ఒలింపిక్స్ నాటికే షూటింగ్ ఉంది. ఆ క్రీడలు తెచ్చిన కూబర్టిన్ స్వయంగా పిస్టల్ ఆటగాడని అంటారు. మన జాతీయ రైఫిల్ సంఘం 1951లో, లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ చొరవతో పుట్టింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్ 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. పిస్టళ్లంటారా, స్టెయిర్, మోరిని, వాల్తర్ వంటి యూరప్ సరుకే మేలు, ధర లక్ష దాటుతుంది.

రేంజ్ గోడ మీద రాసిన భద్రతా నియమాలను చాలామంది పోలీసు హెచ్చరికల్లా చదివి వదిలేస్తారు. నా దృష్టిలో విద్య మొదలయ్యేది ఆ గోడ దగ్గరే. పిస్టల్ ఖాళీగా ఉన్నా నిండుగా ఉందనే అనుకోవాలి. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్‌కు బయటే ఉండాలి. కాల్చనప్పుడు బ్యారెల్ పొడవునా నారింజరంగు తీగ దూర్చి ఉంచాలి, లోపల పెల్లెట్ లేదని అందరికీ కనబడేట్టు. రేంజ్ ఆఫీసర్ ‘స్టాప్’ అంటే, అప్పటికే గురి కుదిరి ఉన్నా సరే, ఆగాల్సిందే. కాల్చే గీత దాటి ముందుకు ఎవరైనా వెళ్లి ఉంటే వెనకున్నవాళ్లు ఆయుధం ముట్టరాదు. గాలి సిలిండర్‌కు పదేళ్ల గడువు. సీసం ముట్టిన చేతులు కడుక్కోకుండా తిండి ముట్టకూడదు. వేలు బయట పెట్టడం అలవాటైన పిల్లే, గురి కుదరనప్పుడు చెయ్యి దించగలదు. మంచి కోచ్ మొదట్లో పెల్లెట్ ఇవ్వకుండా ఉత్త ట్రిగ్గరే నొక్కిస్తాడు.

ఈ విద్యకు మా కర్నూలు జిల్లా వైపు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. తుపాకీ అంటే యెమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో బుడగలు పేల్చే తుపాకీయే. దాని సైట్ వంకర, బ్యారెల్ వంకర. పిల్లవాడు దాన్ని చేతిలో ఊపుతూ మూతి జనం మీదికి తిప్పినా అడిగేవాడు లేడు. ఇంకోపక్క రాయలసీమ అంటే బాంబులు, వేటకొడవళ్లు, తుపాకులే అని సినిమావాళ్లు పాతికేళ్లుగా నూరిపోశారు. హీరో ట్రిగ్గర్ మీద వేలు పెట్టుకునే నడుస్తాడు, మాట్లాడతాడు, స్నేహితుడి భుజం తడతాడు. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్ల వీడియోలు చూసి మురిసేవాళ్లున్నారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అలా నిర్లక్ష్యంగా కాల్చినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చని వాళ్లకెవరు చెప్పాలి? పైకి కాల్చిన గుండు కిందికి రాకుండా ఎక్కడికి పోతుంది?

షూటింగ్ క్లబ్బుల సభ్యత్వం సంగతికొస్తే నా మాట కటువుగానే ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుండాలి, పిస్టల్ ఎవరు తీశారు, ఎన్ని పెల్లెట్లు ఇచ్చారు, ఎవరి సంతకం పడింది, ఇవన్నీ బిగువుగానే ఉండాలి. కోచ్ లేకుండా పిల్లలను లోపలికి పంపకూడదు. సభ్యుడి బావమరిది సెల్ఫీ కోసం వస్తే గేటు దగ్గరే ఆపాలి, అతను ఎంత పెద్ద కాంట్రాక్టరైనా సరే. అదే గేటు, నియమం పాటించే పిల్లకు డబ్బు లేదని మూసుకోకూడదు. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. సిఫారసున్నవాడు పరీక్ష లేకుండా లోపలికి వెళతాడు, ఓపికున్న పిల్ల రుసుము చూసి వెనక్కి తిరుగుతుంది.

మా జిల్లాలోని చిప్పగిరి నుంచి హైదరాబాద్ రేంజ్‌కు 300 కిలోమీటర్ల పైనే. మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోయే ఇళ్ల పిల్లలకు ఆ దారి ఎవరు చూపిస్తారు? చట్టమేమీ అడ్డు రాదు. 4.5 మిల్లీమీటర్లు మించని, 20 జూళ్ల శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల రేంజ్‌కు ఎకరాలు కూడా అక్కర్లేదు.

మా ఆదోని పత్తి వ్యాపారులను, ప్రజాప్రతినిధులను, క్రీడాశాఖ అధికారులను నేను అడిగేది ఇంతే. ఆదోనిలో, పెల్లెట్ వెనక్కి చిట్లకుండా ఇనుప అడ్డు పెట్టిన గట్టి గోడతో, ఒక పొడవాటి హాలు కట్టండి. ఫైరింగ్ లైన్ వెనక కూర్చునేవాళ్లకు చోటు వదలండి. క్లబ్బు పేరిట నాలుగు పిస్టళ్లు కొని వంతులవారీగా ఇవ్వండి. నియమాలను తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. జీతమిచ్చి ఒక కోచ్‌ను పెట్టి, తాళం ఆయన చేతికే ఇవ్వండి. చిప్పగిరి, ఆలూరు, హొళగుంద బడుల పిల్లలకు మొదటి ఏడాది రుసుము వద్దనండి, బస్సు చార్జీ కూడా క్లబ్బే పెట్టుకోవాలి.