కందెన ఒక్క చుక్క ఎక్కువైతే

బండి ఇరుసుకు కందెన కాస్త ఎక్కువైనా పోయేదేమీ లేదు, నాలుగు చుక్కలు నేలపాలవుతాయి, అంతే. ఆంబోతు వీర్యం పట్టే గొట్టానికి రాసే కందెనతో అలా కుదరదు. తక్కువైతే ఆంబోతుకు ఒరుసుకుని మంట పుడుతుంది, మర్నాడు దూకడానికే మొరాయిస్తుంది. ఎక్కువైతే కారి వీర్యంలో కలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల, బనవాసి, విశాఖపట్నం, తెలంగాణలో కరీంనగర్ ఘనీకృత వీర్య కేంద్రాలకు పేరుపడ్డ ఊళ్లు. ఇలాంటి చోట వీర్యసేకరణ పొద్దున చల్లపూటే సాగుతుంది. డమ్మీగా కట్టేసిన పశువు మీదికి ఆంబోతును ఒకటి రెండుసార్లు ఉత్తుత్తిగా దూకనిచ్చి వెనక్కి లాగుతారు. పక్కన నిలబడ్డ మనిషి చేతిలో కృత్రిమ యోని ఉంటుంది. అదొక గట్టి రబ్బరు గొట్టం, లోపల పల్చటి తొడుగు, రెంటి నడుమ వేడినీళ్లు, చివర గరాటు, గరాటుకు గీతలున్న గాజు గొట్టం. లోపలి వేడి 42 డిగ్రీల అటూఇటూ ఉండాలి. కందెనగా వాడే జెల్లీని వేలితో కాదు, శుభ్రం చేసిన గాజు కడ్డీతో, మూతి నుంచి మూడో వంతు దాకా మాత్రమే పల్చగా పూస్తారు. గొట్టం పొడవునా రాస్తే సరాసరి గరాటులోకే దారి. అసలు దూకుడు పట్టేది క్షణాలే. దాని కోసం చేసే ఏర్పాటే ఇంత.

ఈ విద్యకు వందేళ్లు దాటాయి. 1914లో ఇటలీకి చెందిన అమాంతెయా కుక్కల కోసం ఇలాంటి గొట్టాన్ని తయారుచేశాడు. తర్వాత రష్యన్లు దాన్ని పశువులకూ గుర్రాలకూ పనికొచ్చేలా మార్చారు. మన దేశంలో కృత్రిమ గర్భధారణ మొదలైంది 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో, సంపత్ కుమారన్ చేతుల మీదుగా.

పట్టిన వీర్యం వెంటనే సూక్ష్మదర్శిని కిందికి వెళ్తుంది. మంచి వీర్యమైతే చుక్క చుక్కంతా సుళ్లు తిరుగుతూ ఉంటుంది, గాలివానకు ముందు మబ్బులు కదిలినట్టు. మిల్లీలీటరుకు వంద కోట్ల కణాల దాకా ఉంటాయి మరి. నీళ్లు తగిలిన వీర్యంలో ఆ సుళ్లు ఉండవు. తోకలు ఉంగరాల్లా చుట్టుకుపోతాయి, కొన్ని ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, కొన్ని వెనక్కి నడుస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు ఆ తోకలు చూడగానే తొడుగు సరిగ్గా ఆరలేదనో, నీళ్లు కారుతున్నాయనో అనుమానిస్తారు.

కారణం ఉప్పూనీళ్ల లెక్కలోనే ఉంది. వీర్యకణం చుట్టూ ఉన్నది పల్చటి పొర. బయట మామూలు నీళ్లుంటే అవి లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది. బయట చిక్కటి జెల్లీ ఉంటే లోపలి నీరు బయటికి లాగేసినట్టయి కణం ముడుచుకుపోతుంది. బజారులో దొరికే జెల్లీలు చాలావాటి గాఢత వీర్యం గాఢత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాటిలో కొన్ని పుల్లటివి. ఆస్పత్రి పరీక్షలకు వాడేవాటిలో క్లోర్‌హెక్సిడిన్ వంటి క్రిమినాశకాలూ కలుస్తాయి. క్రిమిని చంపే మందుకు వీర్యకణం మీద జాలి ఎందుకుంటుంది? దెబ్బతిన్న భాగాన్ని బాగుచేసుకునే సామగ్రి కూడా ఆ కణం దగ్గర ఉండదు. తల, తోక, కాసింత ఇంధనం, అదే దాని ఆస్తి.

గ్లిజరిన్ కథ మాత్రం తమాషాగా ఉంటుంది. కందెనల్లో అది మామూలు సరుకు, మోతాదు మించితే వీర్యానికి చేటు. అయినా వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకునే దారి చూపింది అదే. 1949లో లండన్‌లో శాస్త్రవేత్త క్రిస్ పోల్జ్ బృందం కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టిస్తోంది. ఒక సీసాలోది మాత్రం అద్భుతంగా పనిచేసింది. ఆరా తీస్తే, చీటీలు తారుమారై, ఆ సీసాలో ఉన్నది చక్కెరే కాదు, గ్లిజరిన్ కలిపిన గుడ్డు తెల్లసొన ద్రావణం. ఇవాళ ఆంబోతు వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచేముందు ఆరేడు శాతం గ్లిజరిన్ కలుపుతారు. పచ్చసొన, బఫరు పక్కన ఉండి కాపు కాస్తాయి.

గుర్రాల వాళ్లు ఈ విషయంలో ఇంకా పట్టింపుగా ఉంటారు. పెద్ద గొట్టం, ఎక్కువ జెల్లీ కావాలి కాబట్టి వీర్యానికి హాని చేయని రకమే కొంటారు. రబ్బరు పిస్టన్ ఉన్న సిరంజి కూడా ముట్టరు. పందుల దగ్గరైతే చేత్తోనే పడతారు, లేటెక్స్ కాకుండా వినైల్ తొడుగు వేసుకుని.

ఇక మన ఊరి పశువుల కొట్టం దగ్గరికి వస్తే, అసలు చిక్కు ఇక్కడే. వీర్య కేంద్రంలో తీసుకున్న జాగ్రత్తంతా ఒక స్ట్రాగా మారి వస్తుంది. అందులో ఉండేది పావు మిల్లీలీటరు, అంటే అటూఇటూగా ఐదు చుక్కలు, గడ్డకట్టేముందు లెక్కలో 2 కోట్ల కణాలు. ఎదకొచ్చిన గేదె వెనక నిలబడి ఎడమ చేతికి సబ్బు నురగ దట్టించి పెండద్వారంలోకి పోనిస్తారు. ఆ నురగ కిందికి కారి మానం మీద పడుతుంది, స్ట్రాలోని వీర్యాన్ని వదిలే గన్ మొన దాన్ని తోసుకుంటూ లోపలికి పోతుంది. ఐదు చుక్కల్లో ఒక్క చుక్క నురగ కలిసినా మొత్తంలో ఆరో వంతు నురగే! సబ్బు కణం పొరనే కరిగిస్తుంది. మూడు వారాలకు గేదె మళ్లీ ఎదకొస్తే రైతు తిట్టేది ఆంబోతునే.

ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర పని తెలిసినవాడైతే, స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి తీశాక, కత్తిరించేముందు తడి లేకుండా ఒత్తి తుడుస్తాడు. జెల్లీ అయినా పారఫిన్ అయినా చేతి తొడుగుకే రాసుకుంటాడు. పెండ తీసేసి, మానాన్ని పొడి కాగితంతో తుడిచి, పెదవులు విడదీసి పట్టుకుంటాడు. ప్లాస్టిక్ షీత్ తొడిగిన గన్‌ను ఎక్కడా తగలనీయకుండా, కాస్త పైకి వాలుగా లోపలికి పోనిస్తాడు.