తీరపు రిసార్టులో స్థానికత ఎక్కడుంది?

సముద్రపు ఒడ్డున కట్టే హోటళ్ల గురించి తెలుగు శాఖ సంచికలో రాయడమేమిటని విద్యార్థులకు అనిపించవచ్చు. కట్టడాన్ని కూడా ఒక పాఠంగా చదవవచ్చు, అందుకు భాషాశాస్త్రం కొంత పనికివస్తుంది. పైగా ఒడిశా తీరంలో ఈ విషయం నేరుగా తెలుగువారికి సంబంధించినదే.

ఒక భాష మరో భాష నుంచి పదాలను తేలికగా ఎరవు తెచ్చుకుంటుంది. వాక్యనిర్మాణాన్ని అంత తేలికగా తెచ్చుకోదు. బల్బు, స్టేషను, టికెట్టు వచ్చి చేరినా తెలుగు వాక్యంలో క్రియ తన చోటు వదలలేదు. "స్థానిక సంస్కృతిలో వేళ్లూనినది" అని చెప్పుకునే రిసార్టులు చాలావరకు ఈ పదాల ఎరవు దగ్గరే ఆగిపోతాయి. వాకిట్లో ఒక పాత పడవ, భోజనశాల గోడ మీద ఒక వల, గదులకు చేపల పేర్లు. కట్టడపు వాక్యం మాత్రం ఏ దేశానిదైనా కావచ్చు: సముద్రానికెదురుగా బారుగా సాగిన భవనం, ఎప్పుడూ తెరవని గాజు కిటికీలు, ఇసుక మీదకి వెలుగు చిమ్మే దీపాలు.

వ్యాకరణం దాకా వెళ్లినవారు లేకపోలేదు. కోవళంలో చార్లెస్ కొరియా రూపొందించిన హోటలు (1969-74) అందుకొక ఉదాహరణ. కొండను తవ్వి చదును చేయకుండా, వాలు మీదే గదులను మెట్లుమెట్లుగా దించారు. ఎర్ర పెంకు, తెల్ల గోడ అక్కడ కనిపించినా, కేరళ అక్కడుందని చెప్పేవి అవి కావు. నేల వాలును వాలుగానే అంగీకరించడం. శ్రీలంకలో జెఫ్రీ బావా 1969లో ముగించిన బెన్‌తోట హోటలులో ఎనా డి సిల్వా రంగుల బాతిక్ బట్టలు పైకప్పును కప్పాయి. అది అలంకారమే. అయినా గదులన్నీ నీటి ముంగిలి చుట్టూ అమరి ఉండటం వల్ల ఆ అలంకారానికి ఒక ఇల్లు దొరికింది.

ఇద్దరూ గొప్పవారే. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వారి చూపు గదిలోంచి సముద్రం వైపు సాగుతుంది. సముద్రం మీదున్న మనిషికి ఆ గది ఎలా కనిపిస్తుంది? అటునుంచి చూడటం మొదలుపెడితే విమర్శ దారి మారుతుంది.

గంజాం జిల్లాలోని గోపాలపురం సంగతి చూద్దాం. 1914లో ఒక ఇటాలియను అక్కడ ఇసుక ఒడ్డున పామ్ బీచ్ హోటలు కట్టించాడు. చేతులు మారి అది నేటికీ నడుస్తున్నది. ఆ ఒడ్డునా, పూరీలోనూ చేపలు పట్టేవారిని ఒడియాలో నోలియాలంటారు. వారిలో చాలామంది ఇంటి భాష తెలుగు. వారి కులం పేరు వాడబలిజ. వాడరేవులో ఉన్న "వాడ" ఇదే, ఓడ అని అర్థం. అనకాపల్లి జిల్లా తీరంలో ఒక పెంటకోట ఉంది, పూరీలో ఒక పెంటకోట ఉంది. పూరీ స్నానఘట్టాల దగ్గర యాత్రికులను నీళ్లలో చేయిపట్టి కాచే నోలియాను అతని కోసు తెల్లటోపీని బట్టి అందరూ గుర్తుపడతారు. పర్యాటకానికి ఆ టోపీ చాలు. టోపీ కింది మనిషి ఏ భాషలో అరిచి సాటివాణ్ణి పిలుస్తాడో ఏ కరపత్రమూ అడగదు.

ఈ తీరపు పాత పడవకు మేకులుండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటాలు విరిగే చోట అది కొంత వంగి, దెబ్బను తనలోకి తీసుకొని, ఇసుక మీదకి ఎక్కేది. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లుదీ అదే తెలివి: గుండ్రని మట్టి గోడ, నేలకు దగ్గరగా దిగిన చూరు, పట్టు దొరక్క పక్కకు జారిపోయే గాలి. రిసార్టులు చుట్టిల్లు ఆకారాన్ని సిమెంటులో పోసి, చూరును ఎత్తి, సముద్రం వైపు గాజు పెడుతున్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఇలాంటి చోట ఆకారం మాత్రమే ఎరవు తెచ్చుకోవడం రుచికి సంబంధించిన చిన్న తప్పు కాదు.

తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి పోటుగీతను ఆధారంగా తీసుకొని కొలుస్తున్నాయి. గ్రామీణ తీరంలో కట్టడాలు కూడని మేరను అప్పుడు 200 మీటర్లుగా పెట్టారు. 2019లో జనసాంద్రత ఎక్కువైన చోట దాన్ని 50కి తగ్గించారు. చట్టానికి తీరం ఒక గీత. పట్టేవారికి అది ఒక వెడల్పు. పడవ ఈడ్చే చోటు, వల ఆరబెట్టే చోటు, చేప ఎండబెట్టే చోటు, పెద్ద వలను రెండు జట్లు రెండు కొసల తాళ్లు పట్టి లాగే దూరం. ఆ మధ్యలో బల్లలు, గొడుగులు, తాడు కంచె వేస్తే వల ఒడ్డుకు రాదు. రూపశిల్పి గీసే మొదటి పటంలో స్వాగతమందిరం కంటే ముందు ఈ వెడల్పు ఉండాలి. నేను చూసిన పటాల్లో ఆ మేరంతా ఖాళీ పసుపు రంగే.

దీపాల విషయం ఇంకా సూటిగా ఉంటుంది. గోపాలపురానికి ఉత్తరాన రుషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఈ సంగతి 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. పొదిగిన పిల్లలు రాత్రిపూట వెలుతురున్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రానిది. ఒడ్డున దీపాలుంటే అవి ఊరివైపు తిరిగి, తెల్లవారేసరికి కుక్కలకూ కాకులకూ చిక్కుతాయి. కాబట్టి ఆ నెలల్లో సముద్రం వైపు దీపం లేకుండా, ఉన్నవాటిని నేలకు వంచి, ఇసుకదిబ్బ వెనక కట్టడం అవసరం. ప్రకృతికి దగ్గరగా ఉన్నామని పత్రికల్లో ప్రకటించే హోటలుకు మొదటి పరీక్ష రాత్రి పదిగంటలకు దాని ఒడ్డు ఎంత చీకటిగా ఉందన్నదే.

బరంపురం విద్యార్థులకు ఇక్కడ ఒక పని ఉంది. ఆ ఖాళీ పసుపు మేరలో పడవకు, వలకు, ఎండుచేపకు వేరువేరుగా ఉన్న చోట్లను వాడబలిజలు ఏయే మాటలతో పిలుస్తారో, వాటిలో ఏవి తెలుగువో, ఏవి ఒడియా నుంచి వచ్చాయో, ఏ చోటు ఏ నెలలో ఎంత వెడల్పు ఉంటుందో రాసి పెట్టవలసి ఉంది. రిసార్టు కట్టేవారు అడిగినా అడగకపోయినా.