ఓడిపోయే హక్కు

పోయిన శివరాత్రికి సుండిపెంట వెళ్ళాను. శ్రీశైలం డ్యామ్ పనివాళ్ళ కోసం వెలసిన కాలనీ అది. నాయన ప్రాజెక్టులో వర్క్‌ఛార్జ్‌డ్ ఉద్యోగిగా చేరి అక్కడే రిటైరయ్యాడు. శివరాత్రి రోజుల్లో మా ఊళ్ళో బయట తిరగడం కష్టం. గుడికి పోయే బస్సులు, కార్లు, నల్లమల అడవిలోంచి నడిచొచ్చే భక్తులు, దారంతా జనం. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచక నాయనకీ అక్కకీ లాప్‌టాప్‌లో నెట్‌ఫ్లిక్స్ ‘ఫుల్ స్వింగ్’ మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్ పెట్టాను. దాని పేరు ‘గోల్ఫ్ ఈజ్ హార్డ్’. నేను అప్పటికే రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఏడ్చాను. మూడోసారి వాళ్ళిద్దరి పక్కన కూర్చుని చూశాక మాత్రం దానితో నాకు పేచీ మొదలైంది.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఇది 2023 ఫిబ్రవరిలో వచ్చిన డాక్యుమెంటరీ సిరీస్. ఫార్ములా వన్ మీద ‘డ్రైవ్ టు సర్వైవ్’ తీసినవాళ్ళే తీశారు. 2022లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్‌ ఆటగాళ్ళ వెంట కెమెరాలు తిప్పి ఎనిమిది భాగాలు చేశారు. ఏడో భాగంలో ఇద్దరు కొత్త కుర్రాళ్ళుంటారు. ఒకడు చిలీ దేశపు మీటో పెరేరా. రెండోవాడు సాహిత్ తీగల. సాహిత్ పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. అమ్మానాన్నలు కరుణ, మురళీధర్ హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు.

సాహిత్ పేరు మొదటిసారి గట్టిగా వినబడిన చోటు 2022 ఫిబ్రవరి నాటి ఫీనిక్స్ ఓపెన్. 1932లో మొదలైన టోర్నమెంటు. దానికి ‘ప్రజల ఓపెన్’ అని ముద్దుపేరు. గోల్ఫ్ అంటే గుసగుసలు, మెల్లగా కొట్టే చప్పట్లు అనుకుంటాం కదా, ఇక్కడ అదేం ఉండదు. పదహారో హోల్ చుట్టూ స్టేడియం కట్టి వేలమందిని కూర్చోబెడతారు. ఆ శనివారం శామ్ రైడర్ అక్కడ ఒక్క దెబ్బతో బంతిని హోల్‌లో వేస్తే జనం మీద నుంచి బీరు కప్పులు వానలా కురిశాయి. ఆ జనాన్ని చూసి నాయన, “మన బ్రహ్మోత్సవాల మాదిరే ఉండాదే!” అన్నాడు.

ఆ టోర్నమెంటులో సాహిత్‌కి సొంతంగా సంపాదించుకున్న చోటు లేదు. స్పాన్సర్ ఎగ్జెంప్షన్ మీద, అంటే నిర్వాహకులు పిలిచి ఇచ్చిన అవకాశం మీద ఆడాడు. మూడో రోజు ముగిసేసరికి అందరికంటే ముందున్నాడు. ఆఖరి రోజు పదిహేడో హోల్ దగ్గర గెలుపు చేతికి అందేంత దూరంలో ఉంది. కొట్టిన బంతి గ్రీన్ ముందు పడి, ఎడమకి దొర్లి నీళ్ళలోకి పోయింది. ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ తప్పిపోయింది. ప్లేఆఫ్ గెలిచిన స్కాటీ షెఫ్లర్‌కి ఆ టూర్‌లో అదే మొదటి టైటిల్. సాహిత్ అమ్మానాన్నల్ని పట్టుకుని ఏడ్చాడు.

నన్ను రెండుసార్లు ఏడిపించింది ఈ కథే. ఎపిసోడ్‌లో మెచ్చుకోవాల్సింది లేకపోలేదు. ఆటల మీద తీసినవి దాదాపు అన్నీ గెలుపు దగ్గర ఆగుతాయి, ఇందులో ఇద్దరూ ఓడిపోయినవాళ్ళే. పెరేరా అదే ఏడాది పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో ఆఖరి హోల్ దాకా ఒక స్ట్రోకు ముందుండి, బంతిని వాగులో పడేసుకున్నాడు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టడం మంచి ఎడిటింగ్. అంతకన్నా మంచిది, తాడు బయట నడిచే ఆ తండ్రి. మన సినిమాల్లో తండ్రి అంటే ‘బొమ్మరిల్లు’ ప్రకాష్‌రాజ్, కొడుకు చొక్కా రంగు కూడా ఆయనే చెప్పాలి. ఇక్కడ తండ్రి కొడుకు స్కోరుని బట్టి ముఖం మార్చుకోడు. ఒక తెలుగు తండ్రిని ఇలా చూపించిన తెలుగు సినిమా నాకు చప్పున గుర్తు రాలేదు.

బంతి నీళ్ళలో పడ్డాక నాయన అడిగాడు.

“మళ్ళా ఎప్పుడు ఆడతాడంట?”

“వారం వారం ఉంటాయి నాయనా. వచ్చే వారం ఇంకో ఊళ్ళో.”

“వచ్చే వారమేనా? మరి ఏడ్చేదెందుకు?”

నేను నవ్వేశాను. తర్వాత రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నాయనకి ఆ పిల్లాడి మీద జాలి లేక కాదు. ఆయన తెలుసుకోవాలనుకున్నది, ఓడిపోయినందుకు ఏం ఖర్చయిందని. ఎపిసోడ్ చెప్పనిది సరిగ్గా అదే. మూడో స్థానం పంచుకున్నందుకు సాహిత్‌కి ఆ రోజు నాలుగు లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. కన్నీళ్ళు అబద్ధమని నేననడం లేదు. కానీ ఆ ఓటమి అంత అందంగా కనబడటానికి దాని వెనక ఇంకో టోర్నమెంటు, ఇంకో పిలుపు, ఇంకో వారం ఉన్నాయి. ఓడిపోవడం కూడా ఒక హక్కే. అది అందరికీ ఉండదు. ‘గోల్ఫ్ కష్టం’ అని పేరు పెట్టుకున్న ఎపిసోడ్, ఎవరికి ఎంత కష్టమో అడగలేదు.

అడగాలనుకుంటే జవాబు అదే టోర్నమెంటు చరిత్రలో ఉంది. 1952 ఫీనిక్స్ ఓపెన్ క్వాలిఫైయింగ్‌లో చార్లీ సిఫర్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఆడాడు. బాక్సర్ జో లూయిస్ కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. మొదటి హోల్ దగ్గర జెండా కర్ర తీస్తే కప్పు నిండా మనిషి మలం. కప్పు మార్చేదాకా వాళ్ళు ఎదురుచూసి, ఆ తర్వాత ఆడారు. సిఫర్డ్ ఇది తన ఆత్మకథలో రాసుకున్నాడు. అప్పట్లో పీజీఏలో తెల్లవాళ్ళకే సభ్యత్వం అని నిబంధన ఉండేది. 1934 నుంచి ఉన్న ఆ నిబంధనని 1961లో తీసేశారు. అప్పటికి సిఫర్డ్‌కి ముప్పై తొమ్మిదేళ్ళు. ఆటగాడిగా మంచి వయసంతా అప్పటికే గడిచిపోయింది. ఆయన పోగొట్టుకున్నది టైటిళ్ళొక్కటే అనుకుంటే తక్కువ చెప్పినట్టే. ఇరవై నాలుగేళ్ళకి ఆఖరి రోజు బంతిని నీళ్ళలో పడేసి, ఏడ్చి, మళ్ళీ వారం ఇంకో ఊళ్ళో ఆడే అవకాశం పోగొట్టుకున్నాడు.

నలభై ఐదేళ్ళ వయసులో, 1967లో, సిఫర్డ్ గ్రేటర్ హార్ట్‌ఫర్డ్ ఓపెన్ గెలిచాడు. దాన్నే ఇప్పుడు ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్ అంటున్నారు. 2022 జూన్‌లో సాహిత్ ఆఖరి హోల్‌కి ఒక స్ట్రోకు ముందుండి, బంకర్లో చిక్కుకుని ఓడిపోయింది అందులోనే. ఇంత దగ్గరగా పడున్న రెండు కథల్ని కలిపే దారం ఎపిసోడ్ వెతకలేదు. సిఫర్డ్ ఊసే లేదు. నలభై నిమిషాల్లో చరిత్రంతా ఎలా చెప్తారని అడగొచ్చు. ఒక్క నిమిషం చాలు. టూర్ సహకారంతో తీసిన సిరీస్‌కి టూర్ పాత లెక్కలు తీయడం ఇబ్బంది అని నా అనుమానం. అందుకే అది తండ్రీకొడుకుల ప్రేమ దగ్గర ఆగిపోతుంది. ప్రేమ చూపిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు కదా.

మనం చేసిందీ పెద్ద వేరుగా లేదు. 2023 సెప్టెంబర్‌లో సాహిత్ ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాక ‘మన తెలుగు కుర్రాడు’ అని మురిసిపోయాం. నేనూ స్టేటస్ పెట్టాను. గెలిచేదాకా అతను మనకి ఎవరు?

ఎపిసోడ్ అయ్యాక అక్క ఒకటే అడిగింది. “ఆ పిల్లోనికి అక్కాచెల్లెళ్ళు లేరా?”

“తమ్ముడున్నాడు,” అన్నాను. అక్క లేచి వంటింట్లోకి పోయింది.

ఇది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నేను తప్పుబడుతున్న పనే నేనూ చేసినట్టవుతుంది. ఎంసెట్‌లో మొదటిసారి నా ర్యాంకు దేనికీ పనికిరాలేదు. నాయన ఒక్క మాట అనలేదు. ఆ రోజు కాలనీ గేటు దగ్గర నిలబడి నా భుజం మీద చెయ్యేశాడు. “మళ్ళా రాద్దువులే” అన్నాడు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి ఫీజు కట్టాడు. నా జీవితంలో సాహిత్ సీన్ లాంటిది ఏదైనా ఉంటే అదే, ఎంతోమందికి చెప్పుకున్నాను. చెప్పనిది ఏంటంటే, అదే ఏడాది అక్క డిగ్రీ రెండో సంవత్సరంలో ఆగిపోయింది. ఇద్దరికీ కట్టడానికి ఇంట్లో డబ్బుల్లేవు. నాయన ప్రేమ నిజం. దాని లెక్క అక్క కట్టింది. నా కథలో కెమెరా ఎప్పుడూ గేటు దగ్గరే ఉండిపోయింది.

ఎపిసోడ్‌లో లేని ఒక సంగతితో ఆపుతాను. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు, ఇసుక బంకర్లోంచి కొట్టేటప్పుడు క్లబ్ వెనక్కి తీస్తుంటే ఇసుక కొంచెం తగిలిందని సాహిత్‌కి అనిపించింది. అలా తగలకూడదు. తనే రూల్స్ అధికారికి చెప్పాడు, రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. టోర్నమెంటు మూడో స్థానంలో ముగించాడు. తన లెక్క తను సరిగ్గా చెప్పుకున్న మనిషి అతను. అతని మీద తీసిన ఎపిసోడ్ ఆ పాటి లెక్క చెప్పి ఉంటే బాగుండేది.

ఈ వ్యాసం అచ్చయ్యేలోపు అక్కకి చదివి వినిపించాలి. ఆమె ఒప్పుకుంటేనే పంపుతాను.