చెప్పినవాడి పేరుతో సహా

పండమేరుకు అడ్డంగా బుక్కరాయసముద్రం చెరువు కట్టించింది విజయనగరపు బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. చెరువుకు ఒక కొసన ఉన్న ఊరు రాజు పేరు పెట్టుకుని బుక్కరాయసముద్రమైంది. ఇంకో కొసన ఉన్నది అనంతసాగరం. మన అనంతపురానికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. మరి ఆ అనంత ఎవరు? రాయలవారి రాణి అంటారు కొందరు. బుక్కరాయలకు ఆ పేరుగల రాణే లేదు, అది అనంతరసు చిక్కవొడెయరు సొంత పేరే అంటారు మరికొందరు.

జిల్లా గురించిన వివరణల్లో ఈ రెండు వాదాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. నాకు రెండోదే సబబనిపిస్తుంది, ఎందుకంటే దాని వెనుక ఒక పరిశీలన ఉంది. అయినా మొదటి మాటను కొట్టెయ్యకుండా, ఇది ఒకరి మాట, అది ఇంకొకరి మాట అని విడివిడిగా నిలబెట్టిన తీరు మీద నాకు ఎంతో గౌరవం. చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లు పదిమంది కూర్చున్నచోట ఎవరి ఊరు వారికి గొప్ప, ఎవరి వంశం వారికి ప్రాణం. ఆ కూటమిలో ఎవరి నోరూ నొక్కకూడదు. అలాగని ప్రతి మాటనూ నిజమని రాసుకోకూడదు. ఇలాంటి కూటమిని రెండు వందల ఏళ్ల కిందట దక్షిణదేశమంతటా నడిపించినవాడు ఒక తెలుగువాడు, కావలి వెంకట లక్ష్మయ్య.

కావలివారిది ఏలూరు. అన్న బొర్రయ్య 1796లో, శాసనాలూ స్థానిక చరిత్రలూ సేకరించిన ఈస్టిండియా కుంపిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిలో చేరాడు. హళగన్నడ శాసనాల లిపిని పట్టుదలగా విప్పి చదివిన మేధావి. ముప్పై నిండకుండానే 1803లో పోయాడు. అన్న చేతిలోని పని తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. ఊరూరికీ మనుషులను పంపడం, వాళ్లు పంపిన కాగితాలు చూడటం, తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ రాతలన్నిటినీ ఒక వరుసకు తేవడం అతని పని. అతను పంపినవాళ్లలో బ్రాహ్మణులున్నారు, ధర్మయ్య అనే జైన పండితుడూ ఉన్నాడు. ఒక మతంవారి మాట ఇంకో మతంవారి కథలో కలిసిపోకుండా ఉండటానికి అదీ ఒక కారణమని నేననుకుంటాను.

అప్పటి సీమ పరిస్థితి గుర్తుచేసుకుంటే ఈ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేశాడు. మన్రో కలెక్టరుగా వచ్చి పొలాలన్నీ కొలిపించి శిస్తు కట్టించాడు. గొలుసు, కలం పట్టుకుని ఎవరు ఊళ్లోకి వచ్చినా కొత్త పన్ను కోసమేననుకునే రోజులు. వానే సరిగా పడని నేలలో ఒక ఇనాం మాన్యం పోతే కుటుంబం వీధిన పడుతుంది. అలాంటప్పుడు దానశాసనం రాగిరేకును అపరిచితుడి ముందు పెట్టడానికి కరణానికి ఎంత ధైర్యం కావాలి! మెకంజీ మనుషులకు చాలాచోట్ల ఈ అనుమానమే ఎదురైంది. కూర్చుని, మంచిగా మాట్లాడి, నమ్మకం కలిగించి రాబట్టుకున్నదే ఆ సంపదంతా.

అలా వచ్చినవే కైఫియత్తులు. మాట పారసీకం నుంచి వచ్చింది. ఒక చోటి స్థితిగతుల వివరం అని అర్థం. ఊరు ఎవరు కట్టించారు, ఏ రాజు కాలంలో ఎవరి చేతిలో ఉంది, గుడి ఎవరిది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇనాం ఎవరికి నడుస్తోంది, పొలిమేర ఎక్కడిదాకా అన్నవి సాధారణంగా వీటిలో ఉండే సంగతులు. భాష కచేరీ తెలుగు, ఊరి తెలుగు కలిసినది. వ్యాకరణం పట్టుకుని చూసేవారికి ముతకగా అనిపించవచ్చు. నాకు మాత్రం కరణం పక్కన కూర్చుని వింటున్నట్టే ఉంటుంది.

వీటి పనితనం అతుకుల దగ్గర చూడాలి. శాసనం దొరికినచోట శాసనాన్నే నకలు తీసి పెడతారు. ఊరి లెక్కల కవిలె ఉంటే కవిలె ప్రకారం రాస్తారు. ఏదీ లేనిచోట పెద్దలు చెప్పుకునే మాటగా రాస్తారు. మూడు రకాల నూలును ఒకే రంగులో ముంచరు. మన భాషలో ‘అట’ అనే చిన్న మాట ఉంది. ‘కట్టించాడు’ అన్నదానికీ ‘కట్టించాడట’ అన్నదానికీ మధ్య ఒక చరిత్రకారుడికి కావలసిన జాగ్రత్తంతా ఇమిడి ఉంది. ఆ ‘అట’ను ఎక్కడ ఉంచాలో తెలియడమే ఈ విద్యలో సగం.

కాలం రాసే పద్ధతిలో ఇంకో చమత్కారం ఉంది. శకవర్షం అంకె పక్కనే సంవత్సరం పేరు ఉంటుంది. శకం 1286 అంటే క్రోధి. అంకెకు ఎదురుగా ఇంకో పేరు కనిపిస్తే, నకలు తీసినవాడు తప్పాడో, దానం గట్టిపడాలని ఎవరైనా తర్వాత పుట్టించాడో, ఏదో ఒకటి జరిగిందని అనుమానించాలి. 2024 ఉగాదితో మనకు వచ్చిందీ క్రోధే. మధ్యలో సరిగ్గా పదకొండు ఆవృత్తాలు, 660 ఏళ్లు. వేళ్ల మీద లెక్కవేసుకుని దొంగ పత్రాన్ని పట్టుకోగల సాధనం పల్లెటూరి కరణం చేతిలో ఉండేదన్నమాట.

లెక్కకు అందని కథలను ఏం చేయాలి? అనంతపురం దగ్గరే దానికి మంచి ఉదాహరణ ఉంది. 1853లో సి.పి. బ్రౌన్ మద్రాసులో అనంతపురం చరిత్రను ఇంగ్లీషులోకి మార్చి ‘రాజుల యుద్ధాలు’ అనే పేరుతో అచ్చువేయించాడు. మూలం సుమారు 1750–1810 మధ్య తెలుగులో రాసిందని పుస్తకం శీర్షికలోనే చెప్పాడు. ఆ చరిత్రలో ముసలమ్మ కథ ఉంది. చెరువు నిండి కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ ప్రాణమిచ్చింది. శాసనం లేదు కదా అని ఆ కథను అప్పుడెవరైనా తీసేసి ఉంటే కట్టమంచి రామలింగారెడ్డి చేతికి అది అందేది కాదు, ‘ముసలమ్మ మరణము’ కావ్యం పుట్టేది కాదు. దాన్నే శాసనంతో సమానంగా పెట్టి ఉంటే చెరువు చరిత్ర పాడయ్యేది. కథను కథగా దాని చోట ఉంచారు. ఇవాళ్టికీ ఆ కట్ట ముసలమ్మ కట్టే.

మెకంజీ 1821లో చనిపోయేనాటికి శాసనాల నకళ్లే 8,076 పోగయ్యాయి. స్థానిక చరిత్రలు రెండువేలకు పైబడ్డాయి. బెంగాల్ ప్రభుత్వం లక్ష రూపాయలిచ్చి అన్నిటినీ కొన్నది. 1828లో విల్సన్ అనే పండితుడు వాటికి పట్టిక అచ్చువేశాడు. ఆగిన పనిని మళ్లీ తాను నడిపిస్తానని లక్ష్మయ్య 1830లలో అర్జీ పెట్టుకున్నాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. శాసనం విలువ, కథ విలువ తూచి చూడగల పెద్ద తల కావాలి, ఈ దేశస్థుడెవరూ దానికి సరిపోడు అన్నది సొసైటీ తరఫున ప్రిన్సెప్ చెప్పిన కారణం. ఆ పని తర్వాత విలియం టేలర్ అనే మిషనరీకి వెళ్లింది. అశోకుడి బ్రాహ్మీ లిపిని విప్పిన ప్రిన్సెప్ అంటే నాకు భక్తి ఉంది. కానీ ఈ విషయంలో ఆయన ఘోరంగా పొరబడ్డాడు. శాసనాన్నీ కథనూ తూచి వేరుచేసి పెట్టిన కాగితాలు వేలకొద్దీ ఆయనవాళ్ల బీరువాల్లోనే ఉండేవి. తూచినవాళ్లు లక్ష్మయ్యా, అతని మనుషులూ, ఊరూరి కరణాలూ.

కైఫియత్తుల్లో తప్పులు లేవని నేననను. పాలెగాళ్ల వంశాల దగ్గర పొగడ్త పొంగిపొర్లుతుంది, ఏళ్లు జారిపోతాయి, ఒకే రాజు రెండుసార్లు చనిపోతాడు. అయితే ఏ ఊళ్లో, ఎవరు, దేన్ని చూసి చెప్పారో రాసిపెట్టినందువల్ల ఆ తప్పును ఇవాళ మనం వెనక్కి వెళ్లి సరిచూసుకోగలం. బ్రౌన్ శిథిలమవుతున్న వాటికి మళ్లీ నకళ్లు రాయించాడు. కడపలో ఆయన పేరిట ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో ఏదైనా తెరిచి మీ ఊరి పేరు వెతకండి. చెప్పిన కరణం పేరు కనిపించవచ్చు. అడిగించిన లక్ష్మయ్య పేరు మాత్రం ఆ పుటలో ఉండకపోవచ్చు.