ఎఫెసు స్త్రీమూర్తులు: అనువాదమున లింగవిచారము

తుర్కీదేశమున ఎఫెసు శిథిలములను దర్శించువారికి సెల్సుసు గ్రంథాలయ ముఖభాగమున నాలుగు స్త్రీమూర్తులు గానవచ్చును. వాని పేర్లు సోఫియా, ఎపిస్తేమీ, ఎన్నోయా, అరెతీ. వీనిని జ్ఞానము, శాస్త్రము, చింతనము, సద్గుణము అని తెనిఁగించినచో నర్థము సిద్ధించును గాని మూర్తి సిద్ధింపదు. గ్రీకున నా నాలుగును స్త్రీలింగములు. శబ్దలింగము ననుసరించియే మూర్తికల్పనము. పై సంస్కృతశబ్దములలో నొక్కటియు స్త్రీలింగము గాదు. ప్రజ్ఞ, విద్య, బుద్ధి, శ్రేష్ఠత యనుట యుచితము. తెలుఁగున నివి యమహద్వాచకములే యైనను, సంస్కృతలింగవాసన పండితుల చెవిని విడువదు.

ఆస్ట్రియా పరిశోధకులు 1970-78 నడుమ శకలములఁ గూర్చి యీ ముఖభాగమును మరల నిలిపిరి. మూలవిగ్రహములు వియన్నాలో నున్నవి; ఇచ్చటివి ప్రతికృతులు. ప్రతికృతియందును శిల్పులు స్త్రీరూపమును జెఱుపలేదు. అనువాదకులేల చెఱుపవలయును?